ప్రేమయ్య పేరు మీద కంప్యూటర్

ఆ ఊరి చర్చిలో వస్తువులకు వస్తువుల పేర్లు ఉండవు, మనుషుల పేర్లే ఉంటాయి. మైదుకూరు నుంచి ఆటో ఎక్కి పసుపు చేలు దాటితే వస్తుందా ఊరు. చర్చి పెద్దదేమీ కాదు. అయినా లోపలికి పోయి ఒకసారి చుట్టూ చూస్తే, ఊళ్ళో పోయినవాళ్ళందరూ ఇక్కడే సర్దుకున్నారా అనిపిస్తుంది. ఒకాయన బల్ల వీపు మీద, ఒకామె కానుక పెట్టె మీద, పంకా రెక్కల మీద ప్రకాశం. ఎవరైనా ప్రభువునందు నిద్రించారంటే ఏడాది తిరిగేలోగా ఇంటివాళ్ళు వాళ్ళ పేరు మీద చర్చికి ఏదో ఒకటి ఇవ్వాలి. పెయింటర్ ఆంజనేయ వచ్చి దాని మీద 'ఫలానావారి జ్ఞాపకార్థం' అని రాయాలి. అట్లా చేయాలని ఎవరూ రూలు పెట్టలేదు. పెట్టలేదు కాబట్టే ఎవరూ తప్పించుకోలేరు.

ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కంతా జనం నోళ్ళతోనే. పంకాను పంకా అని ఒక్కరూ అనరు. "ప్రకాశాన్ని రోంత తిప్పండప్పా, ఉడికిపోతాండాం" అంటారు. "ఈపొద్దు ప్రకాశం కిర్రుమంటాండాడు, నూనె పొయ్యల్ల" అంటారు. బతికినన్నాళ్ళూ అరుగు మీంచి లేవని ప్రకాశం, పోయాక తెగ తిరుగుతున్నాడని నవ్వుకుంటారు. ప్రకాశం భార్య కూడా నవ్వుతుంది. పంకా తిరుగుతోంది కాబట్టి నవ్వుతుంది.

తిరగనివాళ్ళ సంగతి వేరు. వాళ్ళు వెనక గదిలో ఉంటారు. క్రిస్మస్ నక్షత్రం వెదురు చట్రం, కాళ్ళు విరిగిన బల్లలు, తోలు చిరిగిన డ్రమ్ము, వాటి మధ్యన దుమ్ము పట్టిన పేర్లు. ప్రేమయ్య తల్లి, అంటే అతని భార్య కృపమణికి అత్త, రాహేలమ్మ అక్కడే ఉంది. ఆమెది గోడ గడియారం. తల్లి పోయిన ఏడాది ప్రేమయ్య కడపకు పోయి ఏరి ఏరి తెచ్చాడు. కొన్నాళ్ళు బాగానే నడిచి ఆగిపోయింది. ఇంటికి తెచ్చి, విప్పి, బాగుచేసి తగిలించాడు. మళ్ళీ ఆగింది. పాస్టరుగారి ప్రసంగం కాస్త సాగితే చాలు, వెనక బల్లల్లో ఎవరో ఒకరు "రాహేలమ్మ ఎప్పుడో ఆగిపాయ, అయ్యగారే ఆగల్యా" అనేవాళ్ళు. అందరితో పాటు ప్రేమయ్యా నవ్వేవాడు. ఇంటికొచ్చి అన్నం దగ్గర మాత్రం సగంలోనే చెయ్యి కడిగేసుకునేవాడు. ఒక డిసెంబర్లో గోడలకు సున్నం కొట్టడానికి గడియారం దింపారు. సున్నం ఆరింది గానీ గడియారం మళ్ళీ గోడ ఎక్కలేదు.

"మా యమ్మను మూలన పడేసిరి మే" అన్నాడు ఆ రోజు ప్రేమయ్య, భార్యతో. ఊళ్ళో కాలిపోయిన బోరు మోటార్లన్నిటికీ మళ్ళీ రాగితీగ చుట్టి బతికించిన మనిషి. తల్లి పేరున్న ఒక్క గడియారాన్ని నడిపించలేకపోయానని పోయేదాకా లోలోపల కుమిలిపోయాడు.

ఇప్పుడు ప్రేమయ్యే పోయాడు. ఆయన జ్ఞాపకార్థం చర్చిలో జరిపే ఏడాది కూడిక దగ్గర పడింది. పాస్టరు యేసుప్రసాద్ మంచివాడే, కానీ కొత్త వస్తువులంటే చిన్నపిల్లవాడి సంబరం. ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక అందరూ వింటుండగానే కదిలించాడు.

"అమ్మా, గోడకు టీవీ ఉండాది గదా. దానికొక కంప్యూటర్ తోడైతే పాటలన్నీ అందులోనే కనపడతాయి. సెలవుల్లో పిల్లోళ్ళు నేర్చుకుంటారు. ప్రేమయ్య అన్నకు మిషన్లంటే ప్రాణం."

చివరి మాటకు కృపమణి కరిగిపోయింది. అందరి ముందూ సరేనంది. ఇల్లు చేరేలోగా గుండెల్లో రాయి పడింది. బల్ల ఇచ్చి ఉంటే ఏ భయమూ లేకపోయేది. బల్లకు ఆగిపోవడమంటూ ఉండదు. కంప్యూటర్ లోపల ఏముంటుందో ఆమెకు తెలియదు. అది ఆగిపోయిన రోజున ఈ జనం ఏమంటారో మాత్రం బాగా తెలుసు. ప్రేమయ్య ఆగిపోయినాడంటారు. ఆ తర్వాత ఎవరో ఇద్దరు లేచి, చెరోపక్కా పట్టుకుని, తీసుకుపోయి తల్లి పక్కన పెడతారు. ఒకసారి పోయిన మనిషిని ఇంకోసారి మోసుకుపోతుంటే చూసే ఓపిక ఆమెకు లేదు.

ఇక సలహాలకు కొదవా? మరిది ఏసేపు సంఘపెద్ద, నోరున్న మనిషి. అన్న పేరు అంటే తనకూ పరువు సమస్యే.

"కంపెనీదే తీసుకో వదినా. పెట్టెకు సీలుండల్ల. విడి సామాన్లు తెచ్చి కట్టే అసెంబుల్డ్ అంటే నాలుగిండ్లలో అడుక్కొచ్చిన కూడు. ఒకటి యాడిదో, ఇంకొకటి యాడిదో. మా యన్న పేరు అట్లాంటి దాని మీద ఎక్కిస్తావా?"

కూతురు ఆరాధన కర్నూలులో ఒక స్కానింగ్ సెంటర్లో పనిచేస్తుంది. ఫోన్లో ఆమెది ఇంకో పాట.

"మా సెంటర్లో రెండు రకాలూ ఉండాయి మా. కంపెనీది చెడిపోతే వాళ్ళ మనిషి వచ్చేదాకా కాసుకోని కూర్చుంటాం. కట్టించింది చెడిపోతే, దాన్ని కట్టిన తౌఫీక్ అన్న మధ్యాన్నానికి లేపి పెడతాడు. నువ్వు రా, రెండూ చూడు."

ఎవరి మాట విన్నా నిజమేననిపించేది. అదే భయం. పొయ్యి మీద పప్పు మాడిపోతున్నా గమనించకుండా నిలబడిపోయేది. చివరికి కూడిక వారంలోనే కర్నూలు బస్సెక్కింది.

ముందు కంపెనీ షోరూముకు పోయారు. లోపల చల్లగా, పెద్దాసుపత్రి గదిలా శుభ్రంగా ఉంది. కంప్యూటర్ చూడగానే నచ్చింది కృపమణికి. సన్నగా, నల్లగా, ఎక్కడా ఒక అతుకు కనపడకుండా బుద్ధిగా కూర్చుని ఉంది. ఇదే తీసుకుందామని కూతురి మోచేయి నొక్కింది కూడా. అయినా భయం ఊరుకోదు కదా, సేల్స్ కుర్రవాడిని అడిగింది.

"లోపల ఏదన్నా పోతే ఎట్ల నాయనా?"

"కంపెనీవాళ్ళే వస్తారమ్మా. మూడేళ్ళు వారంటీ. మీరు చెయ్యి కూడా పెట్టనక్కర్లేదు."

"ఆ తర్వాత?"

అతను నవ్వాడు. "అప్పటికి కొత్త మోడల్ వస్తుంది కదమ్మా. దీన్ని ఎవరు వాడతారు?"

కృపమణి నవ్వలేదు. "దీని మింద పేరు రాయించుకోవచ్చా?"

"రంగులవీ వద్దమ్మా. వారంటీకి అడ్డం వస్తుంది."

అప్పుడే ఏసేపు ఫోన్ చేశాడు. తీసుకున్నావా వదినా, సీలు చూసినావా అని అడిగాడు. చూస్తాండానప్పా అని పెట్టేసింది. మూడేళ్ళ తర్వాత దీన్ని ఎవరు వాడతారన్న మాట ఆమె చెవిలో గిర్రున తిరుగుతోంది. అంటే వెనక గదికి వెళ్ళే తేదీ వీళ్ళే వేసి ఇస్తున్నారన్నమాట. ఒక్క నిమిషం ఆలోచించుకుంటామని చెప్పి కూతుర్ని బయటికి లాక్కొచ్చింది.

తౌఫీక్ అంగడి ఒక సందులో ఉంది. గడప దగ్గరే కృపమణి కాళ్ళు ఆగిపోయాయి. పక్క రేకులు ఊడదీసిన డబ్బాలు, పేగుల్లా వేలాడే వైర్లు, ఊడబీకిన చిన్న పంకాలు, దుమ్ము. అచ్చం తమ చర్చి వెనక గదే. దీనికంటే నా భర్తను నేరుగా అక్కడే పెట్టడం మేలు కదా అనుకుంది.

"పోదాం పా" అంది.

"అమ్మా, రోంత గమ్మునుండు" అని ఆరాధన చెయ్యి పట్టుకుని లోపల కూర్చోబెట్టింది.

తౌఫీక్ ముప్పై దాటిన మనిషి, చేతులు ఆడిస్తూనే మాట్లాడతాడు. ఏమేం వేస్తాడో ఒక్కొక్క అట్టపెట్టె తీసి చూపించాడు. ఒక్కొక్క దాని మీద ఒక్కో కంపెనీ పేరు. కృపమణికి ఇంకా కంగారెక్కువైంది.

"ఇన్ని పేర్లుంటే దేన్ని నమ్మల్ల నాయనా? రేపు చెడిపోతే ఎవర్ని అడగల్ల?"

"నన్నడగమ్మా. ఫికర్ చేయొద్దు. చెడిపోదని నేను చెప్పను. చెడిపోతాది. ఏది చెడిపోతే దాన్ని మార్చేస్తాం, అంతే."

చెడిపోతుందని ఒప్పుకునే అంగడివాడిని ఆమె అదే మొదటిసారి చూడటం. నమ్మాలో, లేచి పోవాలో తెలియలేదు. పైన అలమరలో పాతబడి పచ్చగా మారిన డబ్బా ఒకటి కనిపించింది. దాని మీద ఏదో కిరాణా కొట్టు పేరు పెయింటుతో రాసి ఉంది.

"అదేంది? అట్ల మూలన పడేసినావు?"

"మూలన యాడమ్మా, రేపు సేటు తీసుకపోతాడు. మా మామ ఖాసిం సాహెబ్ కట్టిన డబ్బా అది. నేను బడికి పోయే పొద్దు కట్టినాడు. లోపల అన్నీ మారిపోయినాయి. డబ్బా అదే, పేరు అదే."

"అన్నీ మారినాక అది ఆ కంప్యూటరే అంటారా?"

తౌఫీక్ ఈ ప్రశ్నకు ఆశ్చర్యపోయాడు. "మీ పక్క బోరు మోటారుకు కొత్త వైండింగ్ చుట్టిస్తారు గదమ్మా. చుట్టించినాక అది మీ మోటారు కాదంటారా?"

ఈ మనిషికి ప్రేమయ్య ఎవరో తెలియదు. ఆరాధన తల్లి ముఖంలోకి చూసి, చూపు తిప్పుకుంది. కృపమణి కొంగుతో ముక్కు తుడుచుకుని, కట్టు నాయనా, ఈడనే కూర్చుంటాం అంది.

కట్టడం అయ్యాక తౌఫీక్ ఒకటే జాగ్రత్త చెప్పాడు. "ఎండలు శానా ఉండాయి. దీనికి గాలి ఆడేతట్టు పెట్టుకోండమ్మా." బస్సులో కిటికీ పక్క సీటులో కూర్చుని, ఆ డబ్బాను ఒళ్ళో పెట్టుకుని ఊరికి తెచ్చింది కృపమణి. కాళ్ళు తిమ్మిరెక్కినా కింద పెట్టలేదు.

అయినా భయం తీరిందా? ఎక్కడ తీరుతుంది! ఏసేపు డబ్బాను చుట్టూ తిరిగి చూసి, ఒక కంపెనీ పేరైనా లేదే అని పెదవి విరిచి పోయాడు. గాలి ఆడాలన్నారని చర్చిలో కిటికీ పక్కనే, సరిగ్గా ప్రకాశం కింద బల్ల వేయించింది. ఆరాధన వైర్లు తగిలించి చూసింది. పాటలు టీవీలో చక్కగా వచ్చాయి. ఆంజనేయ రంగు డబ్బా, కుంచె పట్టుకుని వచ్చాడు.

"ఇప్పుడొద్దప్పా" అంది కృపమణి. "మఖమల్ గుడ్డ మింద పేరు కుట్టి తొడుగు వేస్తా. మర్యాదగా ఉంటాది."

మర్యాద అనేది పైకి చెప్పిన మాట. రంగుతో రాస్తే చెరపడం కుదరదు. గుడ్డయితే, ఆ మిషన్ ఆగిపోయిన రోజున గుడ్డ లాగేసుకుని ప్రేమయ్యను ఇంటికి తీసుకుపోవచ్చు. మిగిలిన ఇనుమును వాళ్ళు ఏ గదిలో పడేసుకున్నా తనకేమీ కాదు. ఈ ఆలోచన కన్నకూతురికి కూడా చెప్పలేదు. మైదుకూరులో మఖమల్ తెచ్చింది, ప్రసంగపీఠం మీద పరిచే గుడ్డ రంగే, మెరూన్. రవిక కొలతలు తీసుకున్నట్టు టేపుతో డబ్బా కొలతలు తీసుకుంది. ఒక్క ముడత లేకుండా, బిగుతుగా, అంచుకు జరీ పెట్టి కుట్టింది. ముందు బటన్ దగ్గర, వెనక వైర్ల దగ్గర మాత్రం చిన్న కంతలు వదిలింది. పసుపు దారంతో పేరు కుట్టేటప్పుడు సూది రెండు చోట్ల వేలికి దిగినా లెక్క చేయలేదు. తొడుగు వేసి చూస్తే, అబ్బ, పెళ్ళికొడుకులా ఉందన్నారు ఆడవాళ్ళు.

శనివారం కూడికకు చర్చి నిండిపోయింది. బయట రాళ్ళు పగిలే ఎండ. యేసుప్రసాద్ అయ్యగారు ప్రార్థన చేసి, కంప్యూటర్‌ను దేవుని పనికి ప్రతిష్ఠించి, తన చేత్తోనే బటన్ నొక్కాడు. పాట టీవీ మీదికి వచ్చింది. చప్పట్లు పడ్డాయి. అందరూ టీవీ చూస్తూ పాడుతున్నారు, కృపమణి ఒక్కతే డబ్బా మీద వెలిగే చిన్న లైటును చూస్తూ కూర్చుంది. ఒక పాట అయింది. సాక్ష్యాలు అయ్యాయి. ఈరప్ప అనే రైతు లేచి, వానలు లేని ఏడాది ప్రేమయ్య తన మోటారును రాత్రికి రాత్రి నడిపించిన సంగతి చెప్పి కండువాతో కళ్ళొత్తుకున్నాడు. అందరూ రెండో పాట అందుకున్నారు. కృపమణికి ఇప్పుడిప్పుడే ఊపిరి ఆడుతోంది.

టీవీ చీకటైపోయింది.

కరెంటు పోయిందేమోనని అందరూ తలలెత్తి చూశారు. ప్రకాశం నిక్షేపంగా తిరుగుతున్నాడు.

ఆరాధన పరుగున పోయి బటన్ నొక్కింది. వెలిగి, రెండు గుక్కలు తిప్పుకునేలోగా మళ్ళీ ఆరిపోయింది. పాట మాత్రం ఆగలేదు. అది అందరికీ నోటికి వచ్చిన పాటే, టీవీతో ఎవరికీ పని లేదు. ఆ పాట సందులోంచి ప్రకాశం భార్య గొంతు వినిపించింది. ఆమెకు చెముడు, మెల్లగా అన్నాననుకుంది పాపం.

"అయ్యో, ప్రేమయ్య ఆగిపాయనే!"

ఎవరో కిసుక్కుమన్నారు. ఏ మాటకు కృపమణి ఇన్నాళ్ళు వణికిందో ఆ మాట రానే వచ్చింది, అదీ ఆయన కూడికలోనే.

"కంపెనీది తీసుకోమని చెవినిల్లు కట్టుకోని చెప్తి" అన్నాడు ఏసేపు, గుసగుసే గానీ గోడదాకా వినపడే గుసగుస. తర్వాత పెద్దరికం గుర్తొచ్చి ఇద్దరిని పిలిచాడు. "దాన్ని తీసి వెనక గదిలో పెట్టండి. కూడిక కానీండి ముందు."

వాళ్ళు వైర్లు పీకి చెరోపక్కా చేతులు వేశారు. సరిగ్గా తాను భయపడినట్టే. కృపమణి ముందు పరిచిన చాప మీంచి ఎట్లా లేచిందో, ఆడవాళ్ళ మధ్యనుంచి ఎట్లా దాటిందో ఆమెకే తెలియదు. వాళ్ళ చేతుల్లోని డబ్బా మీద పడి రెండు చేతులా గుడ్డ పట్టుకుంది.

"రోంత నిలబడండి. ఆయప్పను నేను తీసుకపోతా."

బిగుతుగా కుట్టిన తొడుగు ఒక పట్టాన రాలేదు. జరీ అంచు పర్రుమని చిరిగింది. గుడ్డ ఊడి వచ్చేసరికి లోపలినుంచి వేడి సెగ ఆమె ముఖానికి కొట్టింది. కృపమణి ఆగిపోయింది. చెయ్యి తిప్పి, చేతి వెనక వైపును ఇనుముకు ఆనించింది. కాలింది.

ప్రేమయ్య ఏ మోటారు దగ్గరికి పోయినా ముందు చేసే పని అదే. విప్పకముందు, వైరు ముట్టకముందు, చేతి వెనకభాగం ఆనించి చూసేవాడు. కాలుతోందంటే, దీనికి ఊపిరాడల్యా మే అనేవాడు. ఎన్నిసార్లు విన్నది ఆ మాట! ఆయన పేరును కాపాడుకోవాలని తాను పట్టుపట్టి కుట్టిన గుడ్డే ఆయన గొంతు మీద బిగించింది. ఏడుపొచ్చింది ఆమెకు. తన మీద తనకే ఒళ్ళు మండింది కూడా.

"దించండప్పా" అంది. "ఉన్నచోటనే దించండి."

"వదినా, కూడిక..." అన్నాడు ఏసేపు.

"కూడిక ఎవరిదో నాకు తెలుసు. దించండి."

దించారు. ఆమె నేల మీద కూర్చుని, చిరిగిన మఖమల్ గుడ్డతో డబ్బాకు విసరడం మొదలుపెట్టింది. జ్వరం వచ్చిన మనిషికి విసిరినట్టే విసిరింది. అయ్యగారికి ఏం చేయాలో తోచక ఇంకో పాట ఎత్తుకున్నాడు. పాట సగమయ్యేదాకా విసిరి, మళ్ళీ చెయ్యి ఆనించి చూసి, కూతురికి సైగ చేసింది. ఆరాధన వైర్లు తగిలించింది. బటన్ కృపమణే నొక్కింది.

చిన్న లైటు వెలిగింది. ఆమె దాని మీంచి చూపు తిప్పలేదు. లోపలి పంకా సన్నగా గురగురమంది. కాసేపటికి టీవీ తెల్లబడి, ఆరాధన తెరిచిన పాట కనిపించింది. పాడుతున్న చరణం కాదు, అంతకుముందు పాడేసినది. ఎవరికీ పట్టలేదు.

"వచ్చినాడు, ప్రేమయ్య వచ్చినాడు!" అంది ప్రకాశం భార్య, ఈసారి అందరికీ వినపడాలనే. చర్చి మొత్తం నవ్వింది. కృపమణి నవ్వుతూనే ఏడ్చింది.

భోజనాల దగ్గర ఆంజనేయ కనిపిస్తే, అతను విస్తరి ముందు నుంచి లేచేదాకా ఆగి అడిగింది.

"రంగు తెచ్చినావా అప్పా?"

"సైకిల్‌కే ఉండాదక్కా. గుడ్డ మీద కుట్టినావు గదా?"

"గుడ్డ వద్దు. ఇనుము మిందనే రాయి. చెరిగిపోకుండా రాయి."

ఏసేపు చేతులు కడుక్కుంటున్నవాడు గబగబా వచ్చాడు. పాపం, అతనికీ అన్న పేరంటే భయమే. "తొందరెందుకు వదినా? కొన్నాళ్ళు చూసి రాయిద్దాం. రేపు మళ్ళా ఆగిపోతే?"

"ఆగితే బాగుచేయిస్తా. మళ్ళా ఆగితే మళ్ళా చేయిస్తా. గోడ మింది గడియారాన్ని దింపి మూలన పెట్టిన పొద్దు మీ యన్న ఎవర్నీ ఒక్క మాట అడగల్యా ఏసేపూ. నేనడుగుతా. ఎవరు చెయ్యి వేసినా అడుగుతా."

ఏసేపు వెనక గది తలుపు వైపు చూశాడు. రాహేలమ్మ అతనికీ తల్లే. పక్కకు తప్పుకున్నాడు.

ఆంజనేయ కంప్యూటర్ ఆపించి, డబ్బా పక్క రేకును ఒకసారి తుడిచి, కుంచె రంగులో ముంచాడు. కృపమణి పక్కనే కూర్చుంది. ఇనుము ఇంకా వెచ్చగానే ఉంది. మొదటి అక్షరం రాసి రెండో దానికి వచ్చేలోగానే, ఆ వేడికి మొదటిదాని రంగు ఆరి అంటుకుపోయింది.